నీ కేసు నువ్వు చెప్పు

ఈ రోజు పొద్దున కెలమంగలంలో బస్సెక్కిన ఒకావిడ నా పక్కన కూర్చొని, ఒళ్లో గోనెమూట పెట్టుకుంది. మూటలో అప్పుడే కోసిన మల్బరీ ఆకు. తడిసిన గోనె వాసన, పచ్చి ఆకు వాసన కలిసి ముక్కుకు తగలగానే నాకు కోర్టు గుర్తొచ్చింది. నవ్వొస్తే నవ్వుకోండి. కోర్టు అంటే అందరికీ నల్లకోట్లు, పోలీసు వ్యాను, బెంచీల మీద పడిగాపులు కాసే జనం గుర్తొస్తారు. నాకు మాత్రం పట్టుపురుగుల ఇల్లు గుర్తొస్తుంది. సేలంలో కాలేజీకి పోయి లా చదివిన మాట నిజమే గానీ, చట్టం అనేది నాకు అర్థమైంది మాత్రం తిమ్మరాయప్ప సార్ ఇంటి నడవలో. గోడ పొడుగునా పేర్చిన తట్టల్లో పురుగులు ఆకు తింటూ ఉండేవి. వాటి ముందు చాప మీద కూర్చొని సార్ మనుషులకు వాళ్ల కేసులు చెప్తూ ఉండేవారు. హోసూరు వచ్చేదాకా ఆ మూట వైపు చూస్తూనే ఉన్నాను. ఆవిడకు అనుమానం వచ్చిందో ఏమో, మూటను కాస్త తన వైపు లాక్కుంది.

సార్ తమిళనాడు సరిహద్దులో ఉన్న హోసూరు, కృష్ణగిరి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నల్లకోటును మడిచి పసుపుపచ్చ గుడ్డసంచిలో పెట్టుకొని బస్సుల్లో తిరిగేవారు. కారు కొనుక్కోవచ్చు కదా సార్ అంటే, కారులో ఎవరితో మాట్లాడేది అనేవారు. తమిళం మాట్లాడితే కన్నడం వాడనుకునేవారు, కన్నడం మాట్లాడితే తెలుగువాడనుకునేవారు. తెలుగు మాట్లాడితే మాత్రం కెలమంగలం వాడని ఎవరైనా కనిపెట్టేవారు. తోటి లాయర్ల మీద విరుచుకుపడేవారు, గుమాస్తాల మీద కసురుకునేవారు, నన్ను ఏడిపించిన రోజులూ ఉన్నాయి. కక్షిదారుల మీద మాత్రం ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆదివారాలు వాళ్లందరూ కెలమంగలంలోని ఇంటికే వచ్చేవారు. పురుగులను చూసుకునే గౌరమ్మ గారు, అంటే సార్ భార్య, వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి, తట్టలకు చెయ్యి తగలనివ్వకుండా ఓ కన్నేసి ఉంచేవారు.

నేను జూనియర్‌గా చేరిన మొదటి ఆదివారం చాప మీద ఒక నడివయసు మనిషి కూర్చొని ఉన్నాడు. గొడవలో కొడవలితో ఒకరి చేయి నరికాడని కేసు. మా అమ్మానాన్నలు గొర్రెలు మేపుకునేవాళ్లు. మా కులంలో లాయరు కోటు వేసుకున్న మొదటి ఆడపిల్లను నేను. కాబట్టి నా తల కాస్త పైకే ఉండేది. సార్ నన్ను చూసి, "ఈయప్ప మీదుండే చార్జి ఏందో ఈయప్పకు చెప్పమ్మా" అన్నారు. నేను సెక్షన్ నంబరుతో మొదలుపెట్టి, సగం ఇంగ్లీషులో, సగం తమిళంలో ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. ఆ మనిషి ప్రతి ముక్కకీ తల ఊపాడు. నాకు చాలా సంతోషమేసింది.

"అర్థమయిందా అప్పా?" అని అడిగారు సార్.

"బాగా అయింది సార్."

"ఏం అర్థమయింది, చెప్పు."

"లోపలేస్తారని సార్."

సార్ పొట్ట పట్టుకొని నవ్వారు. నవ్వడం ఆపి, నా వైపు తిరిగి, "మీ అమ్మకు చెప్పినట్ల చెప్పు" అన్నారు. మా అమ్మకు నేను సినిమా కథలు చెప్పాను, డాక్టరు చెప్పిన మాటలు చెప్పాను, కరెంటు ఆఫీసువాళ్లు ఏమన్నారో చెప్పాను. చట్టం ఎప్పుడూ చెప్పలేదు. నోట్లోంచి ఒక్క తెలుగు మాట రాలేదు. మధ్యాహ్నం దాకా తంటాలు పడి చెప్పాను. చెప్పి ముగించాక సార్ ఆ మనిషిని, "ఇప్పుడు నీ కేసు నువ్వు చెప్పు" అన్నారు. అతను చెప్పలేకపోతే మళ్లీ నేను, మళ్లీ అతను. అతను తన మీదున్న ఆరోపణ ఏమిటో, అది రుజువైతే ఏమవుతుందో, కాకపోతే ఏమవుతుందో తన మాటల్లో చెప్పేదాకా సార్ వకాలత్తు మీద సంతకం పెట్టించుకోలేదు. ఆయన పద్ధతి అంతే. కోర్టులో తోటి లాయర్లు దీన్ని తిమ్మరాయప్ప బడి అని ఎగతాళి చేసేవారు.

ఈ బడి ఎందుకు పెట్టారో ఒకసారి కృష్ణగిరి బస్సులో చెప్పారు. గురుబరపల్లి దాటుతుంటే కిటికీలోంచి వేలు చూపించి, "ఆ పక్క పెంకుటింట్లో ఒకాయప్ప ఉండాడు. గొర్రెలోడు. నా మొదటి పెద్ద కేసు" అన్నారు. మా వైపు జనానికి కేసులు రెండే రకాలు, చిన్నవీ పెద్దవీ. అడవిలో గొర్రెలు మేపినందుకో, సారాయి తాగి అరిచినందుకో పెట్టేది చిన్న కేసు. కోర్టుకు పోయి, జడ్జి అడగ్గానే ఒప్పుకున్నానని చెప్పి, జరిమానా కట్టి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఆ మనిషి అట్లా చాలాసార్లు వచ్చాడు. ఆ తర్వాత ఒక పెద్ద కేసులో ఇరుక్కున్నాడు. సార్ ఆ రోజు వేరే కోర్టులో ఉండి, రావడం ఆలస్యమైంది. జడ్జి నేరం ఒప్పుకుంటావా అని అడిగితే, అలవాటైన నోటితో ఒప్పుకుంటానన్నాడు. ఆ జడ్జి మళ్లీ ఒకసారి అడిగాడు కూడా. ఇంకా గట్టిగా ఒప్పుకున్నాడు, త్వరగా వదిలేస్తారని. అన్నానికి ఇంటికి పోతాననుకున్నవాడు జైలుకు పోయాడు.

"తప్పు ఆయప్పది కాదు మంజులమ్మా. ఆయప్పకు తెలిసిన కోర్టు అదొకటే. ఇది వేరే కోర్టని నేను చెప్పలేదు" అన్నారు సార్. తర్వాత కృష్ణగిరి వచ్చేవరకూ ఏమీ మాట్లాడలేదు. మామూలుగా ఆయన నోరు మూసుకుంటే కండక్టరు కూడా ఒంట్లో బాగుందా అని అడిగేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది సార్ దగ్గర నేను చూసిన కేసుల్లో నన్ను వదలనిది. పేర్లు మార్చాను, ఊరు చెప్పను. కెలమంగలానికీ అడవికీ మధ్యలో ఉండే ఊరు అనుకోండి చాలు. ఆ పక్క రాగి చేను పండించడమంటే అడవి పందులతో పంచుకోవడమే. కొందరు డబ్బా కొడుతూ మంచె మీద కాపలా కాస్తారు. కొందరు చేను చుట్టూ తీగ కట్టి, మోటారు షెడ్డు నుంచి దానికి దొంగచాటుగా కరెంటు ఇస్తారు. అది నేరమని అందరికీ తెలుసు. అయినా చేస్తారు. అట్లాంటి ఒక తీగ తగిలి, పొద్దున్నే తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ వచ్చిన పక్క చేను రైతు చనిపోయాడు. ఆయన భార్య పేరు జయమ్మ. ఆ తీగ ఉన్న చేను ముసలి మునియప్పది.

ఆదివారం నాడు సార్ ఇంటికి ముగ్గురు వచ్చారు. మునియప్ప, ఆయన కొడుకు శ్రీనివాసులు, ఊరి పెద్ద చిన్నప్ప. శ్రీనివాసులు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పెళ్లై, చంటిబిడ్డ ఉంది. ఇంకొన్నాళ్లలో ఉద్యోగం పర్మనెంటు అవుతుందని ఎదురుచూస్తున్నాడు. అతను ఎవరినీ చూడకుండా తట్టల్లోని పురుగులనే చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడిందంతా చిన్నప్పే.

"స్టేషన్లో మనిషిని తోడుకొని రమ్మన్నారు సార్. ఊర్లో కూర్చొని మాట్లాడేసినాము. భూమి ముసలాయన పేరు మీదుండాది, మోటరు ఆయన పేరు మీదుండాది. ఆయన్నే ఇస్తాము."

ఇస్తాము అన్న మాట విని ఎవరూ ఉలిక్కిపడలేదు, నేను కూడా. మా ఊళ్లలో కేసుకు మనిషిని ఇవ్వడం పాతకాలం నుంచీ ఉన్నదే. గొడవ ఎవరు చేసినా, పెద్దలు కూర్చొని ఎవరు నిలబడాలో తీర్మానిస్తారు. జీతం వచ్చేవాణ్ణి ఇవ్వరు, పసిబిడ్డల తండ్రిని ఇవ్వరు. వయసైపోయినవాణ్ణి ఇస్తారు. నిలబడినవాడి చేను మిగతావాళ్లు దున్నిపెడతారు, ఇల్లు చూసుకుంటారు. ఇందులో మోసం ఉన్న మాట నిజమే. కానీ ప్రేమ కూడా ఉంది. అందుకే దాన్ని తప్పు అని తీసిపారేయడం బయటివాళ్లకు సులభం, మాకు కాదు.

మునియప్ప ఎదురు చూడకుండా తనే మొదలుపెట్టాడు. చెవులు సరిగా వినపడని మనిషి కాబట్టి గట్టిగా మాట్లాడేవాడు. "నాకు డెబ్బై దాటింది లాయరప్పా. లోపల కూడా అన్నం పెడతారంట కదా. ఈడున్నా అదే కూడు, ఆడున్నా అదే కూడు. పిల్లోడి బతుకు నిలబడితే నాకు చాలు."

సార్ తిట్టలేదు, కాదనలేదు. అందరికీ చెప్పినట్టే చెప్పారు. "సరే, ముందు కేసేందో వినండి. మనిషి చచ్చిపోయినాడు. దాంట్లో మూడు మెట్లుండాయి. చంపాలనే చంపేది ఒకటి. చంపాలని లేదు గానీ, ఇట్ల చేస్తే మనిషి పోతాడని తెలిసీ చేసేది రెండోది. చూసుకోవాల్సింది చూసుకోక, ఆ అజాగ్రత్తతో మనిషి పోయేది మూడోది. పోలీసులు రాసింది రెండోది. రుజువైతే పదేండ్ల దాకా పడొచ్చు. మూడోదైతే రెండేండ్ల లోపల. జయమ్మ వచ్చి నాకేం వద్దని చెప్పినా ఈ కేసు పోదు. ఇది మీకూ జయమ్మకూ మధ్య లేదు, మీకూ సర్కారుకూ మధ్య ఉండాది. ఇంకోటి కూడా వినండి. చేసినోణ్ణి దాచిపెట్టి చేయనోణ్ణి తెచ్చి చూపించినారని తేలితే, అది ఇంకో కేసు. అప్పుడు ఇంట్లో అందరూ ముద్దాయిలే."

చిన్నప్ప గొంతు సవరించుకున్నాడు. మునియప్ప అందరి మొహాలూ చూసి, "ఏమంటాడప్పా?" అని కొడుకును అడిగాడు. ఆయనకు సగం వినపడలేదు.

సార్ శ్రీనివాసులు వైపు తిరిగారు. "మీ నాయనకు నా మాట వినపడలేదు. ఆయన కేసు ఆయనకు తెలియాల కదా. నువ్వు చెప్పు."

శ్రీనివాసులు తండ్రి చెవి దగ్గర కూర్చొని, గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టాడు. సార్ చెప్పింది ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. వంటింట్లోంచి గౌరమ్మ గారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "తీగ పెట్టినోడికి, ఎవురన్నా తగిలితే చస్తారని తెలుసు అంటారు నాయనా. తెలిసీ పెట్టినాడు అంటారు."

"ఎవురికి తెలుసు?"

"పెట్టినోడికి."

"ఎవురప్పా పెట్టినోడు?"

ముసలాయన దాన్ని ప్రశ్నగా అడగలేదు. వినపడక, మాట మాటా కలుపుకుంటూ అడిగాడు. కానీ శ్రీనివాసులుకు అది ప్రశ్నగానే తగిలింది. చాలాసేపు తండ్రి భుజం మీది తువ్వాలును చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, అప్పటిదాకా అరిచి చెప్పినవాడు, మామూలుకంటే చిన్న గొంతుతో, "నేను నాయనా" అన్నాడు.

అరిచి చెప్పిన మాటలు సగం వినపడని ఆ మనిషికి ఈ మాట వినపడింది. కొడుకు తల మీద చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చి, ఇన్ని కేసులు చూసి కూడా, ఇది రాస్తుంటే ఇప్పుడూ వస్తోంది.

మిగతాది శ్రీనివాసులు మెల్లగా చెప్పుకొచ్చాడు. చీకటి పడ్డాక తీగకు కరెంటు కలిపేవాడు. ఆ సంగతి చుట్టుపక్కల చేలవాళ్లందరికీ చెప్పాడు. ప్రతిరోజూ తెల్లవారగానే వెళ్లి తీసేసి, తర్వాతే డ్యూటీకి పోయేవాడు. ఆ రోజు తీయడానికి వెళ్లేసరికి కరెంటు లేదు, షెడ్డులో బల్బు ఆరిపోయి ఉంది. అదే సమయంలో రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. కరెంటు లేదు కదా, సాయంత్రం వచ్చి తీసేద్దామని పరుగెత్తాడు. బస్సు హోసూరు చేరేలోపల కరెంటు వచ్చింది. ఆ పొద్దున జరిగినదాంట్లో ఏ ఒక్కటీ ముసలాయనకు తెలియదు.

"చూసినావా" అన్నారు సార్ చిన్నప్పతో. "ముసలాయన్ని ఇచ్చుంటే ఈ కరెంటు పోయిన సంగతి కోర్టుకు ఎవురు చెప్పేది? తెలిసినోడు బయట ఉంటాడు, తెలియనోడు లోపల ఉంటాడు. అడిగిన ప్రతిదానికీ ముసలాయన అవును నేనే అంటాడు. పదేండ్ల కేసును రెండేండ్ల కేసు చేసే మాట ఈ పిల్లోడి నోట్లోనే ఉండాది."

శ్రీనివాసులు అడిగిన ప్రశ్న ఒకటే. "నా ఉద్యోగం సార్?"

సార్ తియ్యటి మాట చెప్పలేదు. "పోవచ్చు. ముందు సస్పెండు చేస్తారు. జామీను వెంటనే రాదు, కొన్నాళ్లు లోపల ఉండాల. వచ్చినాక రోజూ స్టేషన్లో సంతకం పెట్టాల. కేసు ఏండ్ల తరబడి పోతాది. శిక్ష పడితే, ఇంకో కంపెనీకి పోయినా పోలీసు వెరిఫికేషన్ అంటారు. పాస్‌పోర్ట్ అడిగితే ఇది అడ్డమొస్తాది. యాడికి పోయినా వాళ్లకు తెలిసే లోపల నువ్వే చెప్పు, దాచొద్దు." ఆ తర్వాత చాప మీద కాస్త ముందుకు జరిగి, గొంతు తగ్గించారు. "చార్జి అంటే శిక్ష కాదప్పా. సర్కారు నిన్ను అడిగే ప్రశ్న అది. జవాబు చెప్పేదానికి నీకు నోరుండాది, టైముండాది, పక్కన నేనుంటాను. కానీ నిన్ను అడిగిన ప్రశ్నకు మీ నాయన జవాబు చెప్పకూడదు. స్టేషన్లో నోరు మూసుకొని ఉండేది నీ హక్కు. అబద్ధం చెప్పేది హక్కు కాదు. చెప్పాల్సిందంతా కోర్టులో చెప్దాం. ఇప్పుడు నీ కేసు నువ్వు చెప్పు."

అతను చెప్పాడు. ఈసారి 'పెట్టినోడు' అనలేదు, 'నేను' అన్నాడు.

మరునాడు సార్ తనే అతన్ని తీసుకొని స్టేషనుకు వెళ్లారు. తిరిగి వస్తుంటే నాకు కోపం ఆగలేదు. ముసలాయన ఇష్టపడి ముందుకొస్తే మనమెందుకు సార్ చంటిబిడ్డ తండ్రిని లోపలికి పంపడం అని అడిగేశాను. సార్ నా మీద విరుచుకుపడతారనుకున్నాను. పడలేదు. "నువ్వు ఆ పిల్లోడి ఉద్యోగం చూస్తావుండావు. నేను ఆ పిల్లోడు రేపు పొద్దున లేచి మొహం కడుక్కునేది చూస్తావుండాను. వాళ్ల నాయన లోపల ఉంటే వీడికి ఒక ముద్ద దిగుతాదా?" అన్నారు. అయినా నా కోపం కొన్ని రోజులు అట్లాగే ఉంది.

జామీను కృష్ణగిరిలో దొరికింది. ఆ రోజు కోర్టు వరండాలో జయమ్మ ఒంటరిగా నిలబడి ఉండటం సార్ చూశారు. ఎదుటి పక్షం మనిషి, మనం సలహా చెప్పకూడదు. సార్ నన్ను పిలిచి, "ఆయమ్మను ప్రభుత్వ లాయరు కాడికి తోడుకొనిపో. ఈడ ఏం జరిగిందో ఆయమ్మకు తెలుగులో చెప్పమని ఆయన్ని అడుగు. ఆయన చెప్పేదాకా నువ్వు ఆడనే నిలబడు" అన్నారు. నిలబడ్డాను. ఆయన విసుక్కుంటూనే చెప్పాడు. జయమ్మ అంతా విని, బయటికి వచ్చాక నాతో, "జామీను ఇస్తే ఇచ్చుకోనీమ్మా. ఊర్లో ఒకొక్కరు ఒక మాట చెప్తారు. ముసలాయన అంటారు, కొడుకు అంటారు, గాలికి తీగ పడిందంటారు. మా ఇంటాయన ఎట్ల పోయినాడో చేసినోడి నోటితోనే నేను వినాల" అంది. నేను ఏ జవాబూ ఇవ్వకూడదు, ఇవ్వలేదు. బస్సులో సార్‌కు ఈ మాట చెబితే, తల ఊపి, "అదీ న్యాయమే" అన్నారు.

విచారణ చాలా ఏళ్లు నడిచింది. శ్రీనివాసులు ఉద్యోగం పోయింది. హోసూరులో చిన్న లేత్ షాపులో పని అడగడానికి వెళ్లి, ముందుగా తన కేసు చెప్పి, తర్వాతే పని అడిగాడట. ఆ షాపు యజమాని కాసేపు ఆలోచించి, రేపటి నుంచి రమ్మన్నాడు. ఈ మాట చెప్పడానికి అతను ఆదివారం కెలమంగలం వచ్చినప్పుడు సార్ మొహం చూడాలి. గౌరమ్మ గారిని పిలిచి అందరికీ రెండోసారి కాఫీ పెట్టించారు.

తీర్పు వినడానికి సార్ లేరు. అంతకుముందు సంవత్సరమే గుండె ఆగి పోయారు. ఆఖరి వాదనలు నేనే చేశాను. చెప్పాల్సింది సార్ ఏనాడో చెప్పించి ఉన్నారు. మా అమ్మకు చెప్పినట్టు చెప్పాను. ఆరిపోయిన బల్బు గురించి, కంపెనీ బస్సు హారన్ గురించి, ప్రతి పొద్దునా తీగ తీసేసిన మనిషి ఆ ఒక్క పొద్దున తీయకపోవడం గురించి. తెలిసీ చేశాడన్న ఆరోపణ రుజువు కాలేదని, అజాగ్రత్త వల్ల ప్రాణం పోయిందన్నది రుజువైందని జడ్జి తీర్పు చెప్పారు. ఏడాది జైలు.

తీర్పు తమిళంలో, కొంత ఇంగ్లీషులో చదివారు. జయమ్మ వెనుక బెంచీలో కూర్చొని ఉంది. ఆమెకు ఏమీ అర్థం కాలేదని చూస్తేనే తెలుస్తోంది. పోలీసులు శ్రీనివాసులును బయటికి తీసుకొస్తుంటే అతను ఆగి, "అక్కా, ఆయమ్మతో ఒక మాట మాట్లాడొచ్చా?" అని నన్ను అడిగాడు. నేను ప్రభుత్వ లాయరును అడిగాను, ఆయన జయమ్మను అడిగాడు. ఆమె లేచి తనే వచ్చింది.

"పెద్దమ్మా" అన్నాడు శ్రీనివాసులు. చెయ్యి కానిస్టేబుల్ చేతిలో ఉంది. "కోర్టులో ఏం చెప్పినారో నీకు చెప్పాల. చస్తారని తెలిసీ చేసినానని నా మీద కేసు పెట్టినారు. అది నిలబడలేదు. చూసుకోకుండా చంపినానని ఇంకోటి. అది నిలబడింది. అది నిజమే. తీగ కట్టింది నేను, తీయనిది నేను. కరెంటు లేదని వదిలేసి బస్సుకు పరుగెత్తినాను. మా నాయనకు ఏమీ తెలియదు. ఏడాది జైలు వేసినారు."

సార్ చాప మీద కూర్చొని విని ఉన్నా, ఒక్క ముక్క దిద్దవలసిన పని ఉండేది కాదు. జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. కానిస్టేబుల్ కూడా తొందర పెట్టలేదు.

"చెప్పినావు" అంది చివరికి. "ఈ మాట ఎవురూ చెప్పరనుకున్నాను." కళ్లు తుడుచుకుంది. తర్వాత మా ఊళ్లలో పొద్దున్నే పనికి పోయే బిడ్డకు చెప్పినట్టే చెప్పింది. "పో అప్పా. పోయి రా."

అతను పోయి వచ్చాడు. వచ్చాక లేత్ షాపులో అతని పని అతనికి ఉంది. ఈ ఏడు జయమ్మ రాగి చేనుకు పందుల కాపలా కూడా అతనే. మంచె మీద కూర్చొని డబ్బా కొడుతున్నాడు. ఇది తెలిస్తే సార్ ఏమనేవారో నేను ఊహించగలను, కానీ ఆయన మాటలను నేను కల్పించి రాయను. ఇప్పుడు హోసూరులో నా ఆఫీసులోనూ చాప ఉంది. భయంతో సగం చచ్చి వచ్చినవాళ్లు దాని మీద కూర్చొని, మీరే చూసుకోండమ్మా, మాకేం తెలుసు అంటారు. ఇదివరకు ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు వాళ్లకు కాఫీ ఇచ్చి, కోటు తీసి కుర్చీకి తగిలించి, నేనూ చాప మీద కూర్చుంటాను. వాళ్ల మీదున్న ఆరోపణను నాకు వచ్చినంత తేట తెలుగులో చెబుతాను. చెప్పడం అయిపోయాక నోరు మూసుకొని, ఎంతసేపైనా సరే, వాళ్లు 'నేను' అనే మాటతో మొదలుపెట్టేదాకా కూర్చుంటాను.